పిల్లి గద్దల లెక్క ఎక్కడ తప్పింది

దసరా, దీపావళి దాటిందంటే అచ్చంపేట బస్టాండులో సంచులు, బిందెలు, చంటిపిల్లలతో గుంపులు కనిపించేవి. గుంపు మేస్త్రి దగ్గర అడ్వాన్సు తీసుకున్నవాళ్లు కాలువ పనికో, కట్టడం పనికో బయల్దేరేవారు. హైదరాబాదు, పుణె, ముంబై, ఇంకా దూరం. పాలమూరు లేబర్ అన్న పేరు అలాగే దేశమంతా పాకింది. సరిగ్గా అవే వారాల్లో ఎదురు దిశ నుంచి ఇంకో గుంపు మన నేల మీద దిగుతుంది. దానికి అడ్వాన్సు లేదు, మేస్త్రి లేడు. కజకిస్తాన్ గడ్డి మైదానాల నుంచి మూడు నాలుగు వేల కిలోమీటర్లు ఎగిరొచ్చి, పల్లి చేల మీద, బీళ్ల మీద, మనిషి తల ఎత్తున తేలుతూ తిరుగుతుంది. ఉగాదికి కూలీలు ఇల్లు చేరే వేళకు అది మూటాముల్లె సర్దుకుంటుంది.

పేరు పిల్లి గద్ద. ఇంగ్లీషులో హారియర్. నెల్లూరులో సివిల్ సర్జనుగా పనిచేసిన టి.సి. జెర్డన్ 1860ల్లో అచ్చయిన తన పక్షుల పుస్తకంలో ఈ తెలుగు పేరు రాసిపెట్టాడు. పేరు పెట్టినవాళ్లెవరో గాని బాగా చూసి పెట్టారు. మామూలు గద్ద మొహం కోసుగా ఉంటే దీనిది గుండ్రం. చెవుల చుట్టూ ఈకలు చేటలా అమరి, గడ్డిలో ఎలుక కదిలిన చప్పుడును పోగుచేసి చెవిలో పోస్తాయి. ఆకాశంలో అంతెత్తున గిరికీలు కొట్టి వేటాడే బాపతు కాదు. పిల్లి పిట్టగోడ వెంబడి నడిచినట్టు చేని గట్టు వెంబడి మెల్లగా పోతూ, ఉన్నట్టుండి కాళ్లు చాపి గడ్డిలో పడుతుంది. మాంటేగూ హారియర్ మగదాన్ని తూస్తే పావుకిలోకు కాస్త అటూ ఇటూ. రెక్కలు చాపితే మాత్రం మీటరు దాటుతుంది. మన మెట్ట నేలలకు వచ్చేవి ముఖ్యంగా రెండు: ఈ మాంటేగూ, దాని దగ్గరి చుట్టం పాలిడ్ హారియర్. చెరువు జమ్ముల్లో తిరిగే మార్ష్ హారియర్ సంగతి వేరు, దాన్ని ఇక్కడ పక్కన పెడదాం.

కృష్ణ దాటి నందికొట్కూరు వైపు పోతే రోళ్లపాడు వస్తుంది. బట్టమేక పక్షి కోసం 1988లో అభయారణ్యం చేసిన చోటు. మొత్తం కలిపి ఆరు చదరపు కిలోమీటర్ల పైచిలుకు గడ్డినేల. చలికాలం రాత్రుల్లో పిల్లి గద్దలు అక్కడ గడ్డి దుబ్బుల మధ్య, నేలమీదే, గుంపుగా పడుకునేవి. గద్ద జాతిలో ఈ అలవాటు వింతే. 1980ల నడుమ అలా పడుకునేవి వెయ్యికి పైగా ఉండేవని లెక్క. ముప్పై ఏళ్ల తర్వాత బెంగళూరులోని ఏట్రీ సంస్థ శాస్త్రవేత్తలు టి. గణేశ్, ఎం.బి. ప్రశాంత్ దేశమంతటా ఇలాంటి రాత్రి విడుదుల పాత లెక్కలు, కొత్త లెక్కలు పక్కపక్కన పెట్టి 2018లో ప్రచురించారు. రోళ్లపాడులో మిగిలినవి వందకు లోపే. బెంగళూరు పక్క హెసరఘట్టలో ఒక్కటీ లేదు. ప్రపంచంలోకెల్లా పెద్ద విడిదిగా 1990ల్లో పేరుపడ్డ గుజరాత్ వెలవదర్‌లోనూ తగ్గుదలే.

ఎందుకు తగ్గాయి? ఊళ్లో ఉండే పిచ్చుక తగ్గితే కారణం ఊళ్లోనే వెతుక్కోవచ్చు. వలసదాని బతుకు మూడు చోట్ల ఉంటుంది: పుట్టిన చోటు, దారి, పని చోటు. పాలమూరు తల్లికి ఈ చిక్కు కొత్త కాదు. ఉగాదికి కొడుకు రాలేదు. పని దగ్గర ఏమైనా అయిందా, దారిలోనా, లేక వాడు అక్కడే ఓ గది తీసుకుని స్థిరపడ్డాడా? గడప దగ్గర నిలబడి చూసేవాళ్లకు మూడింటికీ కనిపించేది ఒకటే. మనిషి రాలేదు.

మూడోది, అంటే వేరేచోట స్థిరపడటం, ముందు తేల్చుకోవాలి. రాలేదంటే చచ్చిపోయినట్టు కాదు. సైబీరియా నుంచి పశ్చిమ ఐరోపాకు వచ్చే బ్యూయిక్స్ హంసలను తీసుకోండి. 1970 నుంచి చూస్తే వాటి చలికాలపు మకాం ఏడాదికి సుమారు 13 కిలోమీటర్ల చొప్పున తూర్పుకు జరిగింది. చలి తగ్గడంతో అంత దూరం రావలసిన పని తప్పింది. ఇంగ్లండు చెరువు గట్టున కూర్చుని లెక్కపెట్టేవాడికి హంసలు మాయమైనట్టే ఉంటుంది. అందుకే ఒక్క విడిది లెక్క చూసి గుండెలు బాదుకోకూడదు. గణేశ్, ప్రశాంత్‌ల లెక్కకు బలం ఎక్కడంటే, వాళ్లు ఒక్క చోటు చూడలేదు. ఇటు తగ్గి అటు పెరిగి ఉంటే ఎక్కడో ఒకచోట ఆ పెరుగుదల కనిపించాలి.

ఇక మిగిలింది అసలు తగ్గుదల. దానికి రెండే రెండు దారులు: పిల్లలు తక్కువ పుట్టడం, పెద్దవి ఎక్కువ చావడం. ఊరికే లెక్క కోసం వంద పక్షులు అనుకుందాం, అంటే యాభై జంటలు. జంటకు ఒకటిన్నర పిల్ల చొప్పున 75 పిల్లలు ఎగిరాయి. వాటిలో పెద్దయ్యేదాకా బతికి గుంపులో కలిసేవి 30. పెద్దవాటిలో ఏడాది తిరిగేసరికి మిగిలేవి 70. మొత్తం మళ్లీ వంద, లెక్క సరి. ఇప్పుడు పెద్దవాటిలో 70 బదులు 63 మిగిలాయనుకోండి. పోయినవి ఏడంటే ఏడు, ఎవరి కంటికీ ఆనవు. కాని ఏటా అలాగే పోతే పదేళ్లకు వంద కాస్తా 48 అవుతుంది. అదే నష్టం పిల్లల వైపు నుంచి రావాలంటే? 75 పిల్లల్లో దాదాపు పదిహేడు గూటిలోనే పోవాలి. ఏడు పెద్దవాటి చావు పదిహేడు పిల్లల చావుతో సమానం. గుడ్లు కొద్దిగా పెట్టి, నాలుగు కాలాలు బతికే గద్దలాంటి పక్షికి పెద్దల ప్రాణమే మూలధనం. పిల్లలు వడ్డీ.

ఆ చావులు ఎక్కడ జరుగుతున్నాయన్నది తర్వాతి ప్రశ్న. వైట్‌థ్రోట్ అని గొంతు తెల్లగా ఉండే ఓ పిట్ట 1968లో ఎప్పటిలాగే బ్రిటన్ నుంచి ఆఫ్రికా పోయింది. 1969 వసంతంలో నాలుగింట మూడు వంతులు తిరిగి రాలేదు. బ్రిటన్ కంచెల్లో, తోటల్లో మారిందేమీ లేదు. సహారాకు దక్షిణాన సాహెల్ అనే పట్టీలో వానలు లేవు, అంతే. ఎడారి దాటడానికి కొవ్వు పట్టాల్సిన వేళకు పిట్టకు తిండి దొరకలేదు. ఎక్కడో ఆఫ్రికాలో కరువొస్తే ఇంగ్లండు పెరట్లో పాట ఆగిపోతుందని పక్షిశాస్త్రం ఒప్పుకున్నది ఆ దెబ్బతోనే.

ఇంకో కథ ఉంది, మన పత్తి రైతులకు బాగా అర్థమయ్యేది. స్వెయిన్సన్ హాక్ అనే గద్ద ఉత్తర అమెరికా పడమటి మైదానాల్లో పిల్లల్ని చేసి, చలికాలానికి అర్జెంటీనా పోతుంది. సుమారు పదివేల కిలోమీటర్లు. అక్కడ దాని తిండి మన పిల్లి గద్ద తిండే, మిడతలు. కాలిఫోర్నియా ఉత్తరాన ఈ గద్దలను ఏళ్ల తరబడి చూస్తున్న బ్రయన్ వుడ్‌బ్రిడ్జ్‌కు పెద్ద పక్షులు తిరిగిరావడం తగ్గిందని అనుమానం వచ్చింది. ఇంటి దగ్గర ఎంత వెతికినా కారణం దొరకలేదు. ఉపగ్రహానికి కబురు పంపే చిన్న యంత్రాలను రెండు గద్దలకు కట్టి వదిలారు. అవి చూపించిన చోటికి, లా పంపా రాష్ట్రానికి, 1995 మొదట్లో వెళ్తే చెట్ల కింద కళేబరాలు. మరుసటి ఏడు వెతికితే వేలల్లో తేలాయి. ఆ ఒక్క సీజనులో ఇరవై వేల దాకా చచ్చి ఉంటాయని అంచనా. పొద్దుతిరుగుడు, పశుగ్రాసం చేలలో మిడతల మీద రైతులు మందు కొట్టారు. మిడతలు గిలగిల్లాడుతుంటే గద్దలు విందనుకుని వాలాయి. ఆ మందు పేరు మోనోక్రోటోఫాస్.

గద్వాల పత్తి విత్తనాల చేలలో, నాగర్‌కర్నూల్ మెట్ట పత్తిలో దాని పేరు తెలియని మనిషి లేడు. "మోనో" అంటే చాలు, దుకాణం వాడు డబ్బా తీసి ఇచ్చేవాడు. నరాల్లో ఒక కబురు చేరాక దాన్ని చెరిపే రసాయనం ఒకటి ఉంటుంది. ఈ మందు దాన్ని కట్టేస్తుంది. కబురు ఆగదు, కండరం ఊరుకోదు, చివరకు ఊపిరి ఆగుతుంది. మిడతకైనా, గద్దకైనా, మూతికి గుడ్డ కట్టుకోకుండా పంపు వీపున వేసుకున్న మనిషికైనా ఇదే దారి. అర్జెంటీనాలో కంపెనీ సరుకు వెనక్కు తీసుకుంది, ప్రభుత్వం నిషేధించింది, గద్దల చావులు ఒక్కసారిగా పడిపోయాయి. మన దేశంలో 2005లో కూరగాయల మీద వాడొద్దన్నారు. మోనో 36 శాతం ద్రావణాన్ని ఆపేస్తూ కేంద్రం ఉత్తర్వు ఇచ్చింది 2023లో. అర్జెంటీనా కథ చదివాక రోళ్లపాడు నేరాన్నంతా మోనో నెత్తిన వేయాలనిపిస్తుంది. అది అభియోగం అవుతుంది గాని రుజువు కాదు. ఆ కథలో నాకు పనికొచ్చేది ఇంకొకటి: కారణం, లెక్క తగ్గిన చోట కాక పదివేల కిలోమీటర్ల అవతల దొరికింది.

దారి సంగతికి వస్తే అముర్ డేగను మించిన ఉదాహరణ లేదు. మంచూరియా వైపు నుంచి దక్షిణాఫ్రికాకు పోతూ నాగాలాండ్‌లో ఆగి ఉసిళ్లు తింటుంది. దోయాంగ్ జలాశయం దగ్గర 2012లో కొద్ది రోజుల్లో లక్షకు పైగా డేగలు వలల్లో పడ్డాయని అంచనా. మరుసటేడు ఊరి పెద్దలు వేట మానిపించారు, ఒక్కటీ చావలేదు. ఆ నవంబరులో యంత్రాలు కట్టి వదిలిన డేగలు బంగాళాఖాతం మీదుగా వచ్చి, తెలుగు నేల దాటి, అరేబియా సముద్రం మీద పడ్డాయి. మన నెత్తి మీద నుంచే పోయాయి, మనం తలెత్తితే కదా.

పుట్టింటి కష్టాల్లో ఒకదానికి తెలుగులో మాట సిద్ధంగా ఉంది. కార్తె తప్పడం. మృగశిరలో పడాల్సిన విత్తు రెండు కార్తెలు ఆలస్యమైతే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. నెదర్లాండ్స్ అడవుల్లో పైడ్ ఫ్లైక్యాచర్ అనే పిట్టకు అదే జరిగింది. వసంతం ముందే వచ్చేస్తోంది, ఆకుపురుగులు ముందే పుట్టి ముందే పోతున్నాయి. పిట్ట మాత్రం ఆఫ్రికాలో పగటి పొడుగు చూసుకుని పాత తేదీకే బయల్దేరుతోంది. పురుగు బాగా ముందుకు జరిగిన అడవుల్లో రెండు దశాబ్దాల్లో ఈ పిట్టలు తొంభై శాతం తగ్గాయి.

మరి మన పిల్లి గద్దల పుట్టిల్లు? సోవియట్ ప్రభుత్వం 1954 నుంచి కజక్ గడ్డి మైదానాలను కోట్ల ఎకరాల్లో దున్నించి గోధుమ వేయించింది. 1991లో దేశం కూలాక కోటి హెక్టార్లకు పైగా సాగు వదిలేశారు, గడ్డి మళ్లీ మొలిచింది. చిల్లు పుట్టింట్లోనే ఉంటే ఆ తర్వాత మన దగ్గర లెక్క కొంతైనా కోలుకోవాలి. కోలుకోలేదు, ఇంకా తగ్గింది. ఎలుకలు, మంటలు, మేత పశువులు అని అక్కడా సవాలక్ష మార్పులున్నాయి కనుక ఇంతటితో తేలిపోయిందనను. కాని నా వేలు మాత్రం చలికాలం వైపే చూపిస్తోంది. అప్పుడు అది తినేదేమిటో ముందు చూడాలి.

రాత్రి విడిదిలో పొద్దున గద్దలు లేచిపోయాక నేల వెతికితే వేలి కణుపంత ఉండలు దొరుకుతాయి. గద్ద కక్కినవి. తిన్నదాంట్లో అరగనిదంతా కడుపులో ఉండ చుట్టి, తెల్లారి బయటకు తోసేస్తుంది. చూడ్డానికి పేడ కాదు, వాసన పెద్దగా ఉండదు, ఎండితే చిటికెతో నలుగుతుంది. గిన్నెలో నీళ్లు పోసి నానేసి పుల్లతో విడదీస్తే ముందు పైకి తేలేవి మిడత కాళ్లు, రంపంలాంటి అంచుతో. అడుక్కు చేరేవి దవడలు, నల్లగా, గోటి తునకల్లా. ఒక మిడతకు జత దవడలు కాబట్టి వాటిని లెక్కపెట్టి రెండుతో భాగిస్తే నిన్న ఎన్ని తిన్నదో తెలుస్తుంది. మధ్యలో ఎలుక బొచ్చు, తొండ పొలుసులు, చిన్న పిట్ట ఈక. ఎక్కువ మాత్రం మిడతే.

మిడతకు కావలసింది బీడు. దున్నని గట్లు, బంచరాయి, పంట కోసి వదిలిన మెట్ట. రోళ్లపాడులో కంచె లోపల గడ్డి ఉంది. గద్ద వేటకు పోయేది ఆ కంచె దాటి కిలోమీటర్ల దూరం, నలుమూలలా. అక్కడ కాలువ నీళ్లు వచ్చాయి, ఏడాదికి ఒక పంట పండే నేల రెండు పంటలకు తిరిగింది, బీడు కరిగింది. కర్నూలు పక్కనే గని, శకునాల ఊళ్ల దగ్గర దాదాపు ఆరువేల ఎకరాల్లో వెయ్యి మెగావాట్ల సోలార్ పార్కు 2017లో మొదలైంది. పడక ఉంది, బువ్వ లేదు. వెలవదర్‌లో జాతీయ పార్కు చెక్కుచెదరకుండా ఉన్నా గద్దలు తగ్గడంలోనూ నాకు ఇదే కనిపిస్తుంది.

బువ్వ ఎప్పుడు తగ్గుతుందన్నది ఇంకో మెలిక. పిల్లి గద్ద దిగేది వానాకాలం ముగిసిన వేళ, గడ్డి పచ్చగా, మిడత బలిసి ఉన్నప్పుడు. పోవాల్సింది ఫాల్గుణంలో, గడ్డి కరకరలాడేలా ఎండి మిడత కరువైనప్పుడు. వేల కిలోమీటర్లకు కావలసిన కొవ్వు మాత్రం అప్పుడే పట్టాలి. ఆఫ్రికాలో ఇదే విడ్డూరాన్ని గమనించిన రెజినాల్డ్ మోరో పేరు మీద దీన్ని మోరో పారడాక్స్ అంటారు. డచ్చి శాస్త్రవేత్తలు మాంటేగూ హారియర్లకు యంత్రాలు కట్టి సాహెల్‌లో వెంబడించారు. చలికాలం చివరికొచ్చేసరికి అదే తిండి కోసం అవి రోజూ ఇంకా ఎక్కువ దూరం ఎగరాల్సి వచ్చింది. ఎండిన చోట గడిపినవి ఆలస్యంగా బయల్దేరాయి. ఆలస్యంగా పోయినదానికి మంచి చోటు దొరకదు, గుడ్లూ ఆలస్యమే. ఇక్కడ మాఘంలో తినని మిడత అక్కడ గూటిలో ఒక పిల్ల తక్కువై తేలుతుంది. అందుకే జననాల పద్దు, మరణాల పద్దు వేరువేరు పుస్తకాలని అనుకుంటే మోసపోతాం.

అచ్చంపేట దగ్గర ఈ బీడు సంగతి మరీ ఇరకాటం. ఇటు మన్ననూరు దాటితే అమ్రాబాద్ పులుల అభయారణ్యం, 2,611 చదరపు కిలోమీటర్లు.  అడవి వలస పిట్టలకు ఆ రక్షణ కొంతైనా దక్కుతుంది. హిమాలయ పాదాల నుంచి, మధ్య భారతం నుంచి దక్షిణానికి రాత్రిపూట ఎగిరొచ్చే, హిందీలో నవరంగ్ అనిపించుకునే పిట్ట అలాంటిదే.  దాని ప్రజాతికి శాస్త్రం పెట్టిన పేరు 'పిట్టా', అచ్చంగా మన తెలుగు మాటే. పిల్లి గద్దకు అడవి అక్కరలేదు. దానికి కావలసిన నేలను రికార్డుల్లో బంజరు అని రాస్తారు. బంజరును కాపాడమని అర్జీ పెట్టేవాడెవరు?

పైగా ఆ నేలకు నీళ్లు రావాలని ఒక తరం కొట్లాడింది. శ్రీశైలం వెనక జలాల నుంచి కొల్లాపూర్ దగ్గర ఎత్తిపోసిన కల్వకుర్తి నీళ్లు పారిన ఊళ్లలో వరి వచ్చింది, బొంబాయి బస్సులు పలచబడ్డాయి. మనిషి వలస ఆపిన నీళ్లే గద్ద వలసను కష్టం చేస్తున్నాయి. నీళ్లు వద్దని ఎవరూ అనరు, నేనూ అనను. చెరువు శిఖం, గుట్ట వాలు, బంచరాయి లాంటివి మిగిలినంత మేరకు దున్నకుండా వదిలితే చాలునేమో. అక్కడ మేకలూ మేస్తాయి.

దేశం లెక్కలు కూడా ఇటే మొగ్గుతున్నాయి. 2023లో వచ్చిన భారత పక్షుల స్థితి నివేదిక సుమారు ముప్పైవేల మంది పక్షిప్రియులు రాసిన మూడు కోట్ల నమోదుల మీద కట్టింది. దీర్ఘకాలపు పోకడ తేలిన 338 జాతుల్లో 204 తగ్గాయి. అందులో గడ్డినేలల పక్షులు, వేటాడే పక్షులు, దూరం నుంచి వలస వచ్చేవి ఎక్కువ దెబ్బతిన్నాయి. పిల్లి గద్ద ఈ మూడింట్లోనూ ఉంది.

అచ్చంపేటలో కూర్చుని కజకిస్తాన్ పద్దు కొంత చదవొచ్చు. యాసంగి పల్లి చేను మీద పిల్లి గద్ద తక్కువ ఎత్తులో వచ్చినప్పుడు రొమ్ము చూడండి. బూడిద రంగులోనో తెల్లగానో ఉంటే పెద్ద మగది. గోధుమ రంగు మీద చారలుంటే పెద్ద ఆడది. చార ఒక్కటీ లేకుండా, మన చెలక మట్టిలా ఎర్రగా ఉంటే, అది మొన్న వేసవిలో పుట్టిన పిల్ల, దానికిదే మొదటి ప్రయాణం. పొద్దుగూకే వేళ విడిది గట్టున నిలబడి, దిగుతున్నవాటిలో ఎర్ర రొమ్ములెన్ని, మిగతావెన్ని అని రెండు గీతలు గీసుకుంటే చాలు. ఎర్రవి బాగానే ఉండి మొత్తం తగ్గుతుంటే పిల్లలు పుట్టడంలో లోపం లేదు. ఎర్రవి ఏటేటా కరువవుతుంటే మాత్రం ముందు వెతకాల్సింది అక్కడ, ఆ తర్వాత నిరుటి మాఘంలో ఇక్కడి మిడతల్లో. నవంబరులో ఈ తేడా స్పష్టంగా కనిపిస్తుంది. శివరాత్రి నాటికి ఎండకు ఈక వెలిసి, గుర్తుపట్టడం కష్టమవుతుంది.